మడుగు పెద్దను ఎన్నుకున్న తీరు

ఆ వేసవి మూడు అడవులకూ కలిపి మిగిలింది ఒక్క మడుగే. టేకు అడవి, వెదురు అడవి, ముళ్ల అడవి కలిసేచోట ఉంటుందది. ఏ అడవి కట్టుబాట్లు దానివే, ఏ అడవికి ఆ అడవి దొరే. కానీ నీళ్లు అందరివీ కాబట్టి మూడు అడవులకూ పైన మడుగు సంఘమని ఒకటుంది, దానికో పెద్ద. ఎవరు ఎప్పుడు నీళ్లు తాగాలో చెప్పేది ఆ పెద్దే. చాలా కాలంగా ఆ పని చూస్తున్న ముసలి తాబేలు ఎండలు ముదరకముందే కన్నుమూసింది. కొత్త పెద్ద కావాల్సి వచ్చింది.

ఎన్నికంటే మీరనుకునే ఎన్నిక కాదు లెండి. టేకు అడవి ఏనుగు, వెదురు అడవి ఎలుగుబంటి, ముళ్ల అడవి పంది, ఈ ముగ్గురు దొరలూ గుహలో కూర్చుంటారు. పెద్దరికం కావాలన్నవాళ్లు లోపలికి పోయి ఒక్కొక్క దొరతో విడివిడిగా మాట్లాడుకోవాలి. ముగ్గురిలో ఏ ఒక్కరు వద్దన్నా వాడి పని అంతే. ఎవరు వద్దన్నారో, ఎందుకన్నారో బయటికి పొక్కదు. చివరికి ఒక పేరు బయటికొస్తుంది, మిగతా జంతువులన్నీ "సరే" అనాలి. పేరుకే సభ, పెత్తనమంతా గుహది.

ఈసారి ఇద్దరు నిలబడ్డారు, అడవిదున్న, నక్క. దున్నది నెమ్మది మాట, ముక్కుసూటి బుద్ధి. పొద్దున సభలో లేచి, "గుహలో చెప్పే మాటేదో ఇక్కడే చెబుతాను" అన్నాడు. "తెల్లవారగానే పిల్లతల్లులు తాగాలి. తర్వాత చిన్నజీవాలు. చల్లబడ్డాక దొరలు. నక్క కూడా తన మాట ఇక్కడే చెప్పాలి. ఎవరికి ఏమిస్తానంటున్నాడో అందరం వినాలి. రేపు మాట తప్పితే అడగడానికి మనమే సాక్షులం."

సభకు ఆ మాట నచ్చింది. కానీ దొరల ముందు మొదట గొంతు కలిపేదెవరు? అందరూ చుక్కల దుప్పి వైపు చూశారు. మందలో పెద్దది, మాటకు విలువున్నది. పైగా ఆ ఏడు ఈనింది. ఎండలకు పాలు ఇంకిపోయి, కూన నీళ్లమీదే ప్రాణం నిలబెట్టుకుంటోంది.

"సాయంత్రం సభలో చెబుతాను" అంది దుప్పి.

మధ్యాహ్నం పొదచాటున నక్క వచ్చి కూర్చున్నాడు. "కూన ఎలా ఉంది వదినా?"

"చూస్తున్నావుగా. లేస్తే కాళ్లు తడబడుతున్నాయి. దున్నన్న చెప్పింది న్యాయంగానే ఉంది మరి."

"న్యాయమే, కాదన్నదెవరు? కానీ నలుగురిలో నిలదీస్తే దొరలకు తల కొట్టేసినట్టుంటుంది. కోపమొచ్చి మడుగు దగ్గరికే రానివ్వకపోతే ఏం చేస్తావ్? ఇలాంటివి గుట్టుగా జరిగితేనే మనకు మంచిది. నేను పెద్దనైతే తొలి నీళ్లు నీ కూనకే."

"మిగతా తల్లులకో?"

"అందుకే మన మధ్యే ఉండాలంటున్నా. వాళ్లు వింటే వాళ్లూ అడుగుతారు. అప్పుడు నీకెక్కణ్నుంచి తెచ్చివ్వను?"

దుప్పికి ఆ మాట తప్పుగానే తోచింది. కానీ కూన మొహం చూసింది, తలూపింది.

సాయంత్రం సభలో లేచి, "పెద్దల ఆనవాయితీ మనమెందుకు చెడగొట్టాలి? గుహలోనే తేల్చనివ్వండి" అంది.

"నువ్వా చెల్లీ ఈ మాటంటున్నది?" అన్నాడు దున్న. దుప్పి తలెత్తలేదు. ఆమే అలా అన్నాక ఇంకెవరు నోరు తెరుస్తారు?

దున్న గుహలోనూ బయట చెప్పిందే చెప్పాడు. చల్లబడేదాకా ఆగమనేసరికి ముగ్గురు దొరలకూ ఒళ్లు మండింది. నక్క మాత్రం ఏనుగు చెవిలో, "అయ్యా, ఆ పంది పొర్లాడిన నీళ్లలో తమరు తొండం పెట్టడమా? తొలి నీళ్లు తమవే" అన్నాడు. పందితో, "దొరా, ఏనుగు దిగితే మిగిలేది బురదే, ముందు తమరే కానివ్వండి" అన్నాడు. ఎలుగుకూ అదే మాట, అదే ఒట్టు. ప్రతివాడికీ చివర్లో, "ఇది మన మధ్యే" అన్నాడు.

ఏనుగు బయటికొచ్చి గొంతు సవరించుకున్నాడు. "నక్కే పెద్ద. ముగ్గురం ఒక్క మాటమీద ఎన్నుకున్నాం. లోపల ఏ బేరమూ జరగలేదు."

అందరూ సరే అన్నారు. దుప్పి అందరికన్నా గట్టిగా అంది.

మర్నాడు తెల్లవారుతూనే ముగ్గురు దొరలూ మడుగు గట్టున ఎదురుపడ్డారు. వెనక కూనతో దుప్పి.

"నువ్వెందుకొచ్చావింత పొద్దున్నే?" అన్నాడు ఏనుగు.

"నీళ్లకే. నువ్వో?" అన్నాడు పంది.

నక్క బండమీద తీరిగ్గా కూర్చుని ఉన్నాడు. ఏనుగు వాడి మీదికెళ్లాడు. "నాకేం మాటిచ్చావురా?"

"మాటా? లోపల బేరమే జరగలేదని నిన్న తమరే కదా సభలో సెలవిచ్చారు. జరిగిందంటారా, చెప్పండి, అందర్నీ పిలుస్తాను. ఎలుగు మామా, పందిదొరా కూడా వింటారు."

ఏనుగు తొండం దించేశాడు. మిగతా ఇద్దరూ ఎటో చూశారు. ముగ్గురూ తేలు కుట్టిన దొంగలే.

"దొరలు ముగ్గురూ సమానమే, కాబట్టి ముగ్గురూ ముందే" అని నక్క తీర్పు చెప్పాడు. "తమరు తాగి గట్టు వదిలి వెళ్లాకే మిగతావాళ్లు."

బాగానే ఉంది, కానీ గట్టు వదిలేదెవరు? తను కదిలితే పక్కవాడు మడుగంతా కాజేస్తాడని ముగ్గురూ అక్కడే కూలబడ్డారు. నక్క మాత్రం వాళ్ల మధ్యనుంచే దిగి తాగి పోతున్నాడు. రేపైనా వాడు తనవైపే మొగ్గుతాడని ఒక్కొక్కడికీ లోపల ఇంకా ఆశ. ఎండెక్కింది. చెట్ల కింద చిన్నజీవాలు నాలుకలు చాచి పడున్నాయి.

దున్న దుప్పి దగ్గరికొచ్చాడు. "పద చెల్లీ, అందరి ఎదుటా వాణ్ని అడుగుదాం. నువ్వడిగితే అందరూ కదులుతారు."

"ఏమని అడగనన్నా? నాకు చాటుగా మాటిచ్చాడని చెప్పనా? మీ అందరి పిల్లలకన్నా నా కూన ముందు తాగాలని నేనూ ఒప్పుకున్నానని చెప్పనా?"

దున్న ఒక్కడే గట్టు దగ్గరికెళ్లి, గుహలో ఎవరికేం మాటిచ్చావో చెప్పమని అడిగాడు.

"ఓడినవాడి ఏడుపిది" అన్నాడు నక్క. "సాక్షులుంటే పట్టుకురా."

దున్న వెనక్కి తిరిగి చూశాడు. ఒక్కరూ లేవలేదు.

పొద్దు వాలకముందే కూన తల వాల్చేసింది. దుప్పి దాని మూతి నాకుతూనే ఉంది. పక్క మందలోని తల్లి తన పిల్లను ఈడ్చుకుంటూ వచ్చి, "ఎంత అన్యాయం వదినా, ఆ నక్క గుహలో ఎవరికి ఏం మాటిచ్చాడో, మనకేం తెలుసు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. దుప్పి ఆమె పిల్లవైపు చూడలేక మొహం తిప్పుకుంది.

చాటుగా మాట పుచ్చుకున్నవాడికి నలుగురిలో నిలదీసే నోరుండదు.