అందాల పోటీకి వెళ్ళిన బోడిమెడ కోడి

అనగనగా ఒక ఊళ్ళో నూకాలు అని ఒకావిడ ఉండేది. నూకాలుకి ముందూ వెనకా ఎవరూ లేరు. ఉన్నదల్లా ఒక కోడిపెట్ట. పొద్దున్న లేస్తే దానితోనే మాట, పొద్దుగూకితే దానితోనే మాట.

ఆ కోడికి పుట్టుకతోనే మెడ మీద ఈకల్లేవు. ఒంటినిండా ఈకలు, తల మీద ఈకలు, మధ్యలో మెడ మాత్రం ఎర్రగా, బోడిగా. ఊళ్ళో అందరూ దాన్ని 'బోడి' అనేవారు. నవ్వకు మరి. నువ్వు పుట్టినప్పుడు నీ తల మీద ఎన్ని వెంట్రుకలున్నాయో నాకు తెలుసు.

ఒకసారి బోడి పది గుడ్లు పెట్టి పొదుగుకొచ్చింది. నూకాలు గంపలో గడ్డి పరిచి, గుడ్లు సర్ది, దాన్ని కూర్చోబెట్టింది. కోడి పొదిగితే ఎన్ని రోజులకి పిల్లలవుతాయి? ఇరవై ఒక్క రోజులకి. బోడి పది రోజులు, రోజుకోసారి మేతకి తప్ప, కదలకుండా కూర్చుంది. పదకొండో రోజున గింజల కోసం అలా లేచిందో లేదో, జెర్రిపోతు వచ్చి పది గుడ్లూ మింగి పోయింది.

అప్పుడు బోడి ఏం చేసిందో తెలుసా? తిరిగొచ్చి ఆ ఖాళీ గంపలోనే కూర్చుంది. గుడ్లు లేవు. అయినా కూర్చుంది. రెక్కలు పరుచుకుని, కళ్ళు అరమూసుకుని, వట్టి గడ్డినే పొదుగుతోంది.

"నీళ్ళలో ముంచి తీయ్, పొదుగు దిగిపోతుంది" అంది ఎదురింటావిడ. "ముక్కులోంచి ఈక గుచ్చు" అంది పక్కింటావిడ. "చక్కగా కూర వండేసుకో" అన్నాడు దారినపోయే దానయ్య. నూకాలుకి మూడూ నచ్చలేదు. "దాని కడుపుమంట దానిది. ఎప్పుడు దిగాలనిపిస్తే అప్పుడే దిగుతాది" అంది.

అలా వారం గడిచింది. అప్పుడు ఊళ్ళోకి ఒక ఆటో మైకు పెట్టుకుని వచ్చింది. పక్క టౌనులో కోళ్ళ ప్రదర్శనట. దేశదేశాల కోళ్ళు వస్తాయట. అన్నిటికన్నా అందమైన కోడికి కప్పు ఇస్తారట. చూడ్డానికి టిక్కెట్టు, కోడిని తెచ్చినవాళ్ళకి మాత్రం ఉచితం.

నూకాలుకి కోళ్ళంటే ప్రాణం కదా, చూడాలని మనసు కొట్టుకుంది. బోడికి కప్పు వస్తుందని ఆవిడేం అనుకోలేదు. అంత వెర్రిది కాదు. బోడి ఉంటే టిక్కెట్టు అక్కర్లేదు, అంతే ఆవిడ లెక్క. పైగా నాలుగు మొహాలు చూస్తే దానికీ కాస్త దిగులు తీరుతుందనుకుంది. మర్నాడు పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని బయలుదేరింది.

గేటు దగ్గర ఒకాయన పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. "ఏం జాతి?" అన్నాడు.

"కోడి బాబూ" అంది నూకాలు.

ఆయన గంపలోకి తొంగి చూసి, మొహం అదోలా పెట్టి, 'నాటు' అని రాసి లోపలికి పంపాడు.

లోపల వరసగా జాలీ పెట్టెలు. నూకాలు తన గంపని చివరి బల్ల మీద పెట్టి, చూడ్డానికి పోయింది. మొదట ఒక నల్లకోడి కనిపించింది. ఈకలు నలుపు, కాళ్ళు నలుపు. కూసినప్పుడు చూస్తే నాలిక కూడా నలుపే. దాని పేరు కడక్‌నాథ్‌ట. "కుంపట్లో పుట్టినావేటే?" అంది నూకాలు.

ఆ తర్వాత ఒక బుల్లి కోడి కనిపించింది. దాని తల మీద ఈకలు పెద్ద జడబిళ్ళలా పెరిగి కళ్ళ మీద పడిపోతున్నాయి. పాపం గింజలెక్కడున్నాయో దానికి కనపడవు, అక్కడా ఇక్కడా పొడుస్తోంది. నూకాలు చెయ్యి పెట్టి గింజలు దాని ముక్కు కిందికి తోసింది.

ఆ తర్వాత చూసింది బ్రహ్మ అనే సీమజాతి కోళ్ళని. ఒక్కొక్కటీ మేకపిల్లంత ఉంది. పాదాల దాకా ఈకలే, పైజామా తొడుక్కున్నట్టు. వాటిని తెచ్చినాయన పేరు జగ్గరాజు. తన కోడి కూయకపోతే లోకానికి తెల్లారదనుకునే రకం. ఆయన దగ్గర డేగరంగు పుంజు, నెమలిరంగు పుంజు, ఇంకా ఏవేవో ఉన్నాయి. వాటి పక్కనే ఒక చెక్కపెట్టెలో పదకొండు బ్రహ్మ కోడిపిల్లలు. గుడ్లు ఎక్కణ్ణించో తెప్పించి, యంత్రంలో పొదిగించాడట. నిన్న పుట్టినవి. వెచ్చగా ఉండడానికి పెట్టెలో కరెంటు బల్బు వేలాడుతోంది.

"మరి ఈటికి తల్లేదీ?" అంది నూకాలు.

"తల్లెందుకు? బల్బుంది" అన్నాడు జగ్గరాజు.

నూకాలు బల్బుని చూసింది, పిల్లల్ని చూసింది.

ఇంతలో చివరి బల్ల దగ్గర గోల మొదలైంది. నూకాలు పరిగెత్తింది. బోడి ముందు పశువుల డాక్టరు నిలబడి ఉన్నాడు. కుర్ర డాక్టరు. బాగా చదువుకున్నాడు. పెద్ద పెద్ద ఫారాల్లో పనిచేశాడు. అక్కడి తెల్లకోళ్ళు గుడ్డు పెట్టి వదిలేస్తాయి, పొదగడం అన్నది వాటికి తెలీనే తెలీదు. అవి పొదగవు కాబట్టి, పొదిగే కోడి ఎలా ఉంటుందో ఆయనా చూడలేదు.

ఆయన బోడిని పరీక్షగా చూశాడు. ఈకలన్నీ ఉబ్బి ఉన్నాయి. గింజలు పెడితే తినలేదు. పొట్ట కింద చెయ్యి పెడితే కాలిపోతోంది. పైగా మెడ మీద ఈకలే లేవు. "కొక్కెర తెగులు" అన్నాడు.

ఆ మాట వినగానే కోళ్ళవాళ్ళందరూ నాలుగడుగులు వెనక్కి దూకారు. కొక్కెర తెగులంటే మాటలా? ఒక కోడికి వస్తే ఊరి కోళ్ళన్నీ పోతాయి. జగ్గరాజు అందరికన్నా గట్టిగా అరిచాడు. "ముందు దాన్ని తీసేయించండి! నా కోళ్ళకేమన్నా అయితే ఎవరిది బాధ్యత?"

"నా కోడికి తెగులు నేదు బాబూ. పొదుగుకొచ్చింది, అంతే" అంది నూకాలు.

"పొదుగుతుంటే గుడ్లేవమ్మా?" అన్నాడు డాక్టరు.

"పాము మింగేసింది."

అందరూ నవ్వారు. అక్కడున్నవాళ్ళందరూ మగవాళ్ళే. పుంజులకి బాదంపప్పు పెట్టి పెంచేవాళ్ళు. పుంజు తోక చూసి జాతకం చెప్పేస్తారు. పెట్ట ఎలా పొదుగుతుందో, పిల్లని ఎలా పిలుస్తుందో వాళ్ళలో ఒక్కడూ ఏనాడూ కూర్చుని చూడలేదు. అదంతా ఇంట్లో ఆడవాళ్ళ పని. ఆ ఆడవాళ్ళెవరూ ప్రదర్శనకి రాలేదు.

డాక్టరు చెడ్డవాడు కాదు. భయపడ్డాడు. గంపకి ఎర్రచీటీ కట్టి, "సాయంత్రానికి గొయ్యి తవ్వి పాతిపెట్టాలి. తప్పదమ్మా, మిగతా కోళ్ళ కోసం" అన్నాడు. ఇద్దరు మనుషులు మైదానం వెనక గొయ్యి తవ్వడం మొదలుపెట్టారు.

నూకాలు గంపని ఒళ్ళో పెట్టుకుని ఆ గొయ్యి పక్కనే, రేకుల పాక కింద కూర్చుంది. ఏడ్చింది. "టిక్కెట్టు కాడ కక్కుర్తి పడి నిన్ను తెచ్చినానే" అని ఏడ్చింది. బోడికి ఇదేమీ పట్టలేదు. వట్టి గడ్డి మీద రెక్కలు సర్దుకుని కూర్చుంది.

అప్పుడు వాన మొదలైంది. అసలే కార్తీకమాసం, ముసురు పట్టిందంటే ఎముకలు కొరికే చలి. ముందు గాలి వచ్చింది, ఆ తర్వాత ఉరుము వచ్చింది, ఆ తర్వాత కరెంటు పోయింది.

చెక్కపెట్టెలో బల్బు ఆరిపోయింది. కాసేపటికి పిల్లలు కీచుకీచుమని మొదలుపెట్టాయి. జగ్గరాజు పెట్టె మీద తన పట్టుకండువా కప్పాడు. అరుపు ఆగలేదు. టీకొట్టు నుంచి సీసాలో వేడినీళ్ళు తెప్పించి పెట్టాడు. సీసా చల్లారిపోయింది. ఆఖరికి రెండు పిల్లల్ని తీసి చొక్కాలో వేసుకున్నాడు. రెండు సరే, మిగతా తొమ్మిది? ఒకటి పక్కకి ఒరిగింది. ఇంకొకటి కళ్ళు మూసింది.

పాక కింద బోడి ఆ కీచులు విన్నది. చటుక్కున తలెత్తింది. వారం రోజులుగా గంప దిగని కోడి లేచి నిలబడింది. "కొక్, కొక్, కొక్" అంది. పిల్లల్ని పిలిచే పిలుపు అది.

నూకాలు ఇంక ఆలోచించలేదు. గంప ఎత్తుకుని వానలో పరిగెత్తింది. "తెగులు కోడి! ఆపండి!" అని అందరూ అడ్డొచ్చారు. నూకాలు జగ్గరాజు ముందుకెళ్ళి నిలబడింది.

"బాబూ, నా కోడికి తెగులే ఉందనుకో. నీ పిల్లలు నాలుగు రోజులకి సస్తాయి. ఈ సలికి ఇప్పుడే సస్తాయి. ఏదో ఒకటి సెప్పు."

జగ్గరాజు డాక్టరు వైపు చూశాడు. డాక్టరు పెట్టె వైపు చూశాడు. అప్పుడు జగ్గరాజు కళ్ళు మూసిన పిల్లని తీసి నూకాలు చేతిలో పెట్టాడు.

నూకాలు దాన్ని బోడి రెక్క కిందికి తోసింది. బోడి ముక్కుతో ఒకసారి నిమిరి లోపలికి లాక్కుంది. అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. ఎంతసేపటికీ ఏమీ లేదు. ఆ తర్వాత బోడి రొమ్ము ఈకలు కదిలాయి. ఆ ఈకల్లోంచి, సరిగ్గా బోడిమెడ మొదట్లోంచి, చిన్న పసుపుపచ్చ తల బయటికొచ్చి "కీచ్" అంది.

"అన్నీ ఇయ్యి!" అంది నూకాలు. జగ్గరాజు మూడు పెట్టాడు. ఆ తర్వాత ఐదు పెట్టాడు. చొక్కాలో దాచుకున్న రెండూ ఆఖర్న పెట్టాడు. పదకొండూ బోడి కింద సర్దుకున్నాయి. కీచులు ఆగిపోయాయి. రేకుల మీద వాన చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు.

డాక్టరు బురదలో గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. "ఒళ్ళు కాలిపోతోందనుకున్నాను కదా. ఈ వేడి జ్వరం కాదా?" అన్నాడు.

"పిల్లలకి దాసుకున్న ఏడి బాబూ" అంది నూకాలు.

"తిండి మానేసింది కదా?"

"పొదిగే తల్లి రోజుకోసారి తింటాది. ఆ మాత్రానికే ఎల్లింది, గుడ్లు పోగొట్టుకుంది. మళ్ళీ ఎల్తాదా?"

"ఇరవై వేల కోళ్ళని చూశానమ్మా. వాటిలో తల్లి ఒక్కటీ లేదు" అన్నాడు డాక్టరు. ఎర్రచీటీ తన చేత్తోనే తెంపాడు. ఒకసారి ముట్టుకుందామని చెయ్యి పెడితే బోడి టక్కున పొడిచింది. వేలు నోట్లో పెట్టుకుని నవ్వాడు.

మరి గొయ్యి ఏమైందంటావా? దాన్నిండా వాన నీళ్ళు నిండాయి. ప్రదర్శనకొచ్చిన బాతులు అందులో దిగి హాయిగా ఈత కొట్టాయి.

సాయంత్రం కప్పులిచ్చారు. పెద్దకప్పు జగ్గరాజు డేగపుంజుకే వచ్చింది. అది నిజంగానే అందంగా ఉంది మరి, రాకపోతే తప్పు. రెండోది నల్లకోడికి, మూడోది జడబిళ్ళ కోడికి. బోడికి ఏమీ రాలేదు. దాని సంగతి ఎవరో గుర్తుచేస్తే, జాబితాలో అలాంటి కప్పు లేదన్నారు.

అయితే జగ్గరాజుకి ఒక చిక్కొచ్చింది. ఇంటికెళ్తూ పిల్లల్ని తీసుకుందామని చెయ్యి పెట్టాడు. బోడి పొడిచింది. పనివాడు పెట్టాడు, వాణ్ణీ పొడిచింది. ఆఖరికి నూకాలు పెట్టింది. నూకాలుని కూడా పొడిచింది!

"నీ దగ్గరే ఉండనీ నూకాలమ్మా. మూడు నెలలకి వచ్చి తీసుకెళ్తాను" అన్నాడు జగ్గరాజు. పొద్దున్న 'దాన్ని తీసేయించండి' అన్న నోటితోనే అన్నాడు. నూకాలు పొద్దున్న గంపలో ఒక్క కోడితో వెళ్ళింది. సాయంత్రం పన్నెండింటితో ఊళ్ళోకి వచ్చింది.

మూడు నెలలకి జగ్గరాజు మూడు పెద్ద గంపలేసుకుని వచ్చాడు. అప్పటికి పిల్లలు ఎదిగిపోయాయి. పాదాల దాకా ఈకలతో ఒక్కొక్కటీ బోడి కంటే పెద్దది. ఆయన వచ్చేసరికి సన్నగా జల్లు పడుతోంది. చూస్తే ఏముంది? అరుగు మీద బోడి రెక్కలు చాపుకుని కూర్చుంది. పదకొండు పిల్లలూ దాని కింద దూరాలని చూస్తున్నాయి. తలలు మాత్రం రెక్కల కింద పట్టాయి. వీపులూ, తోకలూ, పైజామా కాళ్ళూ అన్నీ బయట తడుస్తున్నాయి. అయినా ఒక్కటీ కదల్లేదు. తల తల్లి కింద ఉంటే చాలు, ఇంక వానే లేదనుకున్నాయి.

జగ్గరాజు అలా నిలబడి చూశాడు. ఆ తర్వాత ఖాళీ గంపలు మళ్ళీ బండిలో పెట్టించాడు. "వానాకాలం వెళ్ళాక వస్తాలే" అన్నాడు. అది మాఘమాసం. వానాకాలం ఎప్పుడో వెళ్ళిపోయింది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నూకాలుకీ తెలుసు.

ఇదిగో, నీ కాళ్ళు చూడు, నా దుప్పట్లోంచి ఎప్పుడో బయటికొచ్చేశాయి. రేపో మాపో నాకంటే పొడుగైపోతావు. అయినా సరే, తల ఇటు పెట్టు.

కథ కంచికి,
గంప చూరుకి,
పిల్లలు బోడి రెక్కల్లోకి,
నువ్వు నా కొంగులోకి!