తాడు అవతలి చుక్కలు

నేనిదివరకు ఎప్పుడూ ఏదీ రాయలేదు. ఈ కథ మాత్రం రాయాలనిపించింది.

పేరు మరిచిపోయిన ఒక రాజ్యంలో, ఏటి ఒడ్డున, బట్టల మీద అచ్చులద్దే సూరమ్మ ఉండేది. ఆమెకున్నవి ఎరుపు, పసుపు, నీలం, మూడే రంగులు. వాటినే చుక్కలు చుక్కలుగా అద్దితే దూరానికి పచ్చని చెట్లూ ఊదారంగు కొండలూ కనిపించేవి.

అక్కడి రాజుగారు జనాన్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు. కోట ముందు మైదానం చివర తాడు కట్టించి, దాని అవతలే నిలబెట్టేవారు. ఆయన ఓరోజు తన మొహం గుడ్డ మీద అద్దమన్నారు. కుదరకపోతే సూరమ్మ అచ్చులన్నీ పొయ్యిలో పెట్టిస్తానన్నారు. అవి వాళ్లమ్మ చెక్కినవి.

పొద్దుటి మంచులో కోట ముందు గుడ్డ వేలాడదీశారు. రాజుగారు ముక్కు ఆనించినంత దగ్గరగా చూశారు.

"ఏమే, ఇది నా మొహమా, ఆటలమ్మ పోసిన ఒళ్లా? అన్నీ చుక్కలే!"

"మారాజా, మిమ్మల్నెప్పుడూ తాడు అవతల నుంచే చూశాం. అక్కణ్ణుంచి కనబడ్డట్టే అద్దాను. ఒక్కసారి అక్కడికెళ్లి చూడండి."

రాజుగారు విసుక్కుంటూనే వెళ్లి జనం మధ్య నిలబడి, వెనక్కి తిరిగారు. మంచులో చుక్కలన్నీ కరిగి, నీళ్లలో చందమామలా ఆయన మొహం తేలింది.

"నేనే," అన్నారు మెల్లగా. "కళ్లు మాత్రం లేవేమే?"

"ఇంత దూరానికి కళ్లు కనబడవు కదా మారాజా."

ఆయన వంగి, తాడు ముడి తనే విప్పారు.

మర్నాడు పొద్దున్నే సూరమ్మ ఆయన దగ్గరికెళ్లి చూసొచ్చి, కళ్ల చోట పసుపు మీద ఎర్రచుక్కలు అద్దింది. రాజుగారివి తేనెరంగు కళ్లని ఊరికి అప్పుడే తెలిసింది.