గవరమ్మ ఇంటికొచ్చిన గుండిగ

ఒట్టు, ఇందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. అబద్ధమైతే నా పళ్ళన్నీ ఊడిపోనీ. ఎందుకే నవ్వుతావు? సరే, ఆ మిగిలిన రెండూ ఊడిపోనీ. దుప్పటి కప్పుకుని ఊఁ కొట్టు.

అనగనగా ఒక ఊళ్ళో గవరమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ ఇల్లు ఎంత చిన్నదంటే, పిల్లి లోపలికొస్తే తోక బయట పెట్టుకోవాల్సిందే. ఆ ఇంట్లో ఆవిడా, పెరట్లో ఒక గేదే, మూల ఒక గాదె నిండా ధాన్యం. అంతే సంసారం.

ఆ ఏడాది ఏటి అవతల ఇద్దరు రాజులు కొట్టుకున్నారు. ఎందుకనుకున్నావు? ఎవరి మీసం పొడుగని. మీసాలు వాళ్ళవి, కాలిపోయిన ఊళ్ళు మాత్రం పాపం మధ్యలో ఉన్న జనాలవి. అప్పుడు పారమ్మ అనే ముసలావిడ కోడళ్ళనీ మనవల్నీ వెంటబెట్టుకుని ఏరు దాటి వచ్చింది. మొత్తం పదకొండు మంది. గవరమ్మ గుమ్మం ముందు నిలబడి మంచినీళ్ళు అడిగారు.

గవరమ్మ నీళ్ళిచ్చింది. పిల్లల కాళ్ళు చూసింది. బొబ్బలు, ఒక్కొక్కటీ నిమ్మకాయంత.

"ఎన్నాళ్ళు నడిచారమ్మా?"

"లెక్క మర్చిపోయాం తల్లీ."

"అయితే లోపలికి రండి. మీ ఊరు మళ్ళీ లేచేదాకా ఇదే మీ ఇల్లు."

అప్పుడు ఇద్దరు అటకెక్కారు. నలుగురు వసారాలో సర్దుకున్నారు. మిగిలినవాళ్ళు పెరట్లో గేదె పాకలో పడుకున్నారు. గేదె కూడా పక్కకి జరిగి చోటిచ్చిందిట. మర్యాద తెలిసిన గేదె.

ఈ సంగతి తెలిసి ఊరంతా పొంగిపోయింది. "మన గవరమ్మ పదకొండు మందిని పెట్టుకుంటే మనం చేతులు ముడుచుక్కూచుంటామా?" అనుకున్నారు. మంచివాళ్ళేనే, చాలా మంచివాళ్ళు. అక్కడే వచ్చింది చిక్కు.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. ఎవరింటి నుంచైనా గిన్నెలో ఏదైనా వస్తే, ఆ గిన్నె ఖాళీగా తిరిగి పోకూడదు. ఏదో ఒకటి వేసి పంపాలి. గవరమ్మ గిన్నె ఖాళీగా పంపిందంటే ఆ రోజు సూర్యుడు పడమట పొడిచినట్టే.

మొదటి రోజు ముప్పై గిన్నెలొచ్చాయి. కూరలు, పచ్చళ్ళు, పులుసులు. పిల్లలు కడుపునిండా తిన్నారు. ఆ తర్వాత గవరమ్మ ముప్పై గిన్నెలూ తోమి, ఇంట్లో ఉన్న వడియాలూ అప్పడాలూ నింపి పంపింది.

రెండో రోజు అరవై గిన్నెలొచ్చాయి. గవరమ్మ అరవై తోమింది. బెల్లం అయిపోయింది, చింతపండు అయిపోయింది, ఆవకాయ జాడీ అడుగు కనబడింది. ఇక గాదెలో ధాన్యం తీసి దంచి, మిగిలిన గిన్నెల్లో పోసి పంపింది.

మూడో రోజు మునసబుగారి భార్య తాయారమ్మకి పంతం వచ్చింది. "అందరూ గిన్నెలా? నేను గుండిగ పంపుతాను!" అంది. ఆ గుండిగలో ఏనుక్కి తలంటు పోయొచ్చు. దాన్నిండా పప్పుచారు కాచి, కర్రకి కట్టి ఎనిమిది మంది మోసుకొచ్చారు. పసుపుపచ్చగా మెరుస్తూ ఘుమఘుమలాడిపోయింది. ఒక్క పూటకి చెల్లిపోయింది.

మరి తిరిగి ఆ గుండిగలో ఏం వెయ్యాలి?

గవరమ్మ గాదెలోకి దిగింది. చేటతో ఊడిస్తే వచ్చింది రెండు గుప్పెళ్ళు. గుండిగ అడుగు కూడా కప్పదు. పైగా అవి రేపటి గంజికి.

పారమ్మ అది చూసింది. లోపలికి పోయి మూటలు కట్టడం మొదలుపెట్టింది.

"ఏమిటమ్మా ఈ పని?" అంది గవరమ్మ.

"పోతాం తల్లీ. మా వల్ల నీ గాదె తుడిచిపెట్టుకుపోయింది."

"ఎక్కడికి పోతారు? ఏటి అవతల ఇంకా పొగ కనిపిస్తూనే ఉందే!"

పారమ్మ ఇంకో మూట ముడేసింది. చిన్న మనవరాలు మాత్రం గేదె మెడ కావలించుకుని వదల్లేదు.

అప్పుడు గవరమ్మకి ఒళ్ళు మండింది. ఆ రెండు గుప్పెళ్ళూ తీసి పారమ్మ కొంగులో పోసింది. తన కొంగు బిగించి నడుముకి చుట్టింది. గుండిగని వీధిలోకి తోసి దొర్లించుకుంటూ బయల్దేరింది. డంగు డంగు డంగుమని ఆ మోతకి ఏడూళ్ళ కుక్కలు మొరిగాయి. చెవిటి వీరేశానికి చెవులొచ్చాయి. ఊరంతా వెనకాలే పరిగెత్తింది.

తాయారమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏమే గవరమ్మా! నా గుండిగ ఖాళీగా తెస్తావుటే?"

"ఖాళీ ఎక్కడ పిన్నీ? మా గాదెలో మిగిలిందంతా ఇందులోనే ఉంది. తొంగిచూడు."

తాయారమ్మ తొంగిచూసింది. తల లోపల పెట్టి నడుం దాకా వంగి చూసింది. ఏమీ లేదు.

ఆ తల బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక ఆవిడ గొంతే మారిపోయింది.

"ఓసి నీ అమ్మ కడుపు చల్లగా! వాళ్ళకి పెడుతున్నామనుకుని ఊరంతా కలిసి నీ గాదె తినేశామా? నోరు తెరిచి ఒక్క మాట చెప్పొద్దుటే?"

"మీరు ప్రేమగా తెస్తుంటే ఎలా చెప్పను పిన్నీ?"

తాయారమ్మ గబగబా పెరట్లోకి పోయి అరిటాకు కోసింది. దాన్నిండా బియ్యం పోసి మూటకట్టి గవరమ్మ నెత్తిన పెట్టింది. "ఆకు తిరిగివ్వక్కర్లేదు. మీ గేదెకి వెయ్యి!" అంది.

అప్పట్నుంచీ ఊళ్ళో ఆచారం మారిపోయింది. దిక్కులేక వచ్చినవాళ్ళకి నీడనిచ్చిన ఇంటికి ఏది పంపినా ఆకులోనే. పప్పుచారు ఆకులో ఎలా తెస్తారని అడక్కు, దొప్పల్లో తెచ్చారు. ఒకరు బట్టలు ఉతికిచ్చారు. ఒకరు పాకకి ఇంకో చుట్టు తాటాకు కప్పారు. ఒకావిడ రోజూ మధ్యాహ్నం పదకొండు మందినీ తన ఇంటికి తీసుకుపోయేది, గవరమ్మ ఒక్క కునుకు తియ్యడానికి. ఆ ఆకులన్నీ తిని గేదె ఎన్ని పాలిచ్చిందంటే, కడవలు చాలక బావిలో పోశారు. ఒట్టు!

ఆ తర్వాత ఒకరోజు ఆ రాజులిద్దరి మీసాలూ ఒకే దివిటీకి అంటుకుని కాలిపోయాయి. యుద్ధం ఆగిపోయింది. పారమ్మ వాళ్ళు ఊరికి పోయి ఇళ్ళు కట్టుకున్నారు. మొదటి పంట రాగానే ఏరు దాటొచ్చి గవరమ్మకి కొత్తబియ్యం ఇచ్చారు. దేనిలో ఇచ్చారో చెప్పు? ఆఁ, అరిటాకులో! గిన్నెలో ఇస్తే మళ్ళీ నింపి పంపుతుందని భయం.

కళ్ళు మూస్తున్నావా? అప్పుడే కాదు, లే. పక్కింటి సీతారత్నం ఇంట్లో వరదలో ఇల్లు పోయినవాళ్ళు ఆరుగురు దిగారు కదూ? వంటింట్లో బియ్యమూ బెల్లమూ అరిటాకులో పొట్లం కట్టిపెట్టాను. వాళ్ళింట్లో దీపం ఇంకా వెలుగుతూనే ఉంది, ఇచ్చిరా. ఆవిడ నీ చేతిలో ఏదైనా పెట్టబోతే ఒక్క పరుగున వచ్చెయ్. దార్లో బెల్లం ముక్క కొరికావో, ఇక్కణ్ణుంచే వినిపిస్తుంది నాకు.

కథ కంచికి, నేను మంచానికి, నువ్వు పక్కింటికి!