నాన్న వేషం

కన్నకూతురు తనను చూసి భయపడుతోందని ఉరుకుందు మా గురువు దగ్గరికి వచ్చాడు.

మే నెల. మధ్యాహ్నం మూడు గంటలు. ఆదోని పత్తి మార్కెట్ వెనకాల మాదొక రేకుల గది. ఆ గదిలో ఎండ ఎలా ఉంటుందంటే, పొద్దున నేను గుమ్మంలో పెట్టిన కోడిగుడ్డు మధ్యాహ్నానికి పిల్లయి, సాయంత్రానికి కూరయిపోయింది. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి సాక్ష్యం అడక్కండి.

మా గురువు శరభయ్య. తొంభై దాటినవాడు. పగటివేషాల్లో ఆయన తర్వాతే ఎవరైనా. పగటివేషం అంటే తెరా ఉండదు, దీపాలూ ఉండవు. పట్టపగలు, నడివీధిలో, మనిషికి మూరెడు దూరంలో నిలబడి ఇంకొకడైపోవాలి. ఆయన శిష్యుల్లో మొదటివాణ్ణి నేను, హుసేనప్పని. నేను జమేదారు వేషం కడితే అసలు జమేదారే వచ్చి సెల్యూట్ కొట్టి, సెలవు ఇప్పించమని బతిమాలాడు. ఎద్దుల బేరగాడి వేషం కడితే మూడు జతల ఎద్దులు హొళగుంద దాకా నా వెంట నడిచొచ్చాయి. ఇప్పుడు మోకాళ్ళు పోయాయి. గురువుకి గంజి కాచిపెట్టడం, మంచం ఎండలోంచి నీడలోకి లాగడం, సాయంత్రం మళ్ళీ బయటికి లాగడం. నేనిప్పుడు కట్టే వేషాలు ఇవే.

ఉరుకుందు మాలో ఆఖరివాడు. అర్ధనారీశ్వరుడి వేషంలో వాడికి సాటి లేదు. కుడి చెంప శివుడు, ఎడమ చెంప పార్వతి. మధ్యలో ఒక గుడ్డ అడ్డం పెట్టుకుని ఇటు తిరిగితే తాండవం, అటు తిరిగితే లాస్యం. తర్వాత వేషాలు చూసేవాళ్ళు కరువయ్యారు. వాడు బెంగళూరులో ఒక మొహాల కంపెనీలో చేరాడు. అక్కడ మొహం నిండా చుక్కలు అంటించి నవ్వమంటారట, ఏడవమంటారట. ఆ కదలికలన్నీ తీసి తెరమీది బొమ్మ మనుషులకి పెడతారట. రాత్రి డ్యూటీ. నెలకొకసారి ఇల్లు.

ఆ మధ్యాహ్నం వాళ్ళావిడ పిల్లని మా గదిలో దింపి, తెగిన చెప్పు కుట్టించుకోవడానికి బజారుకి వెళ్ళింది. పిల్ల పేరు తన్మయి. ఆరేళ్ళుంటాయి. వాళ్ళ నాన్న గోడ వారగా కూర్చుంటే అది పోయిపోయి గురువు మంచం కోడు పట్టుకుని నిలబడింది. అక్కణ్ణించి వాళ్ళ నాన్ననే చూస్తోంది. దొంగను చూసినట్టు కాదు, దెబ్బలు కొట్టేవాణ్ణి చూసినట్టూ కాదు. నా జీవితంలో లక్ష మొహాలు చదివాను. ఆ చూపు మాత్రం కొత్త.

"రా తనూ, ఒళ్ళో కూచో," అన్నాడు ఉరుకుందు.

పిల్ల కదల్లేదు.

"చూసినారు కదా గురువా," అన్నాడు వాడు. "రెండు నెలలాయె. చెయ్యి కూడా తగలనీదు. రేపు పొద్దున బస్సుకి మళ్ళీ పోవాల. మళ్ళీ నెల దాకా రాలేను. ఇట్లనే ఉంటే నన్ను పూర్తిగా మరిచిపోతాది."

"ఏం చేసినావు?" అన్నాడు గురువు.

"మరిచిపోగూడదనే చేసినా."

సంచిలోంచి ట్యాబు తీశాడు. కంపెనీలో వాడికి తెలిసిన విద్యంతా పెట్టి తన మొహాన్నే అందులో చేశాడట. రోజూ సాయంత్రం అది పిల్లని పేరు పెట్టి పిలుస్తుంది, కథ చెబుతుంది. మొదటి వారం పిల్ల గంతులేసింది. రెండో వారం ట్యాబుని దూరంగా పెట్టి చూసింది. మూడో వారం దానిమీద టవలు కప్పింది. ఆ నెలాఖరున వీడు నిజంగా ఇంటికి వెళ్తే, తలుపు వెనక నిలబడి చాలాసేపు చూసి ఒకటే మాట అడిగిందట.

"నువ్వు ఏ నాన్నవి?"

ఆ మాట చెప్పి ఉరుకుందు మొహం తుడుచుకున్నాడు. చెమటే అనుకున్నాను.

"ఎక్కడ తప్పిందో నాకు అంతుపట్టడం లేదు గురువా. కనురెప్పలు సరిచేసినా. పెదాలు సరిచేసినా. ఎడమ చెవి కింద పుట్టుమచ్చ కూడా పెట్టినా. వెంట్రుకవాసి తేడా లేదు. మీరు చూసి చెప్పండి. దిద్దుకుంటా."

"ఇటు తే, నేను చూస్తా," అన్నాను. "మొహాల్లో తప్పు పట్టడంలో..."

"నీ చిరుతపులి కథ ఇప్పుడొద్దు హుసేనప్పా," అన్నాడు గురువు కళ్ళు మూసుకునే. "నిన్ననే చెప్పినావు. మొన్న ఒకటుండె, నిన్నటికి రెండు పులులాయె."

మూడని నేనెప్పుడూ అనలేదు. అయినా అడిగారు కాబట్టి చెబుతున్నాను. నల్లమలలో నేను చిరుతకి ఎదురుగా కూర్చుని కన్నార్పకుండా చూస్తే, అదే సిగ్గుపడి తోక ముడిచింది. అంతటివాణ్ణి, ఆ ట్యాబులో మొహాన్ని చూస్తే నా మెడ వెనకాల వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అది ఉరుకుందే. కాదనడానికి ఏమీ లేదు. చక్కగా నవ్వుతోంది. నా వైపే చూస్తోంది. కానీ నేను పక్కకి జరిగినా, లేచి వెళ్ళిపోయినా, అక్కడ నా బదులు గోడ ఉన్నా, అదే చూపు చూస్తుందనిపించింది.

"తప్పేమీ లేదు," అన్నాను. ట్యాబుని త్వరగా గురువు చేతిలో పెట్టేశాను.

గురువు దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఆయనకి కుడికన్ను మసక. చాలాసేపు చూశాడు.

"మొహానికి రంగుంది," అన్నాడు.

ఉరుకుందు తల దించుకున్నాడు. "కొంచెం అర్దళం రంగు పూసుకున్నా గురువా. ఫొటోలు తీసేనాటికి మూడు రాత్రుల నిద్ర లేదు. కళ్ళ కింద నల్లగా ఉండె. నాన్న అలిసిపోయినాడని పిల్లకి తెలియగూడదనుకున్నా."

"రంగు ఎవరేసినారు?"

"నేనే వేసుకున్నా."

"ఏ వేషమనుకుని వేసుకున్నావు?"

పైన రేకులు ఎండకి టప్పుటప్పుమని మోగుతున్నాయి.

"నాన్న వేషం," అన్నాడు ఉరుకుందు.

గురువు బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. మంచం కింద నుంచి బొరుగుల పొట్లం తీసి పిల్లకి గుప్పెడు పెట్టాడు. తనూ గుప్పెడు నోట్లో వేసుకున్నాడు. పళ్ళు లేని నోట్లో బొరుగులు నానేదాకా ఆగి, "కథ చెప్పించు. విందాం," అన్నాడు.

ఉరుకుందు ట్యాబుని వేషాల పెట్టె మీద గోడకి ఆనించి నిలబెట్టాడు. వేలితో తాకాడు.

"తనూ బంగారూ! తిన్నావా? ఈరోజు గొడుగు పోగొట్టుకున్న కప్ప కథ చెప్పుకుందామా?"

గొంతు కూడా వాడిదే. పిల్ల మంచం కోడుకి ఇంకా దగ్గరగా జరిగింది. బొరుగులు గుప్పిట్లోనే ఉన్నాయి, తినలేదు.

కథ బాగానే ఉంది. కప్పకి ఎర్రటి గొడుగు ఉండేదట. వానకి కాదట, ఎండకి వేసుకునేదట. ఒకరోజు గాలికి ఎగిరిపోయిందట. కప్ప చెరువు గట్టంతా వెతుకుతోంది. గురువు ఊ కొడుతున్నాడు, ఇంకో గుప్పెడు నోట్లో వేసుకున్నాడు.

ఉన్నట్టుండి ఆయన ఊ కొట్టడం ఆగింది.

మొదట చిన్న దగ్గు. తర్వాత దగ్గు కూడా రాలేదు. కళ్ళు పైకి తేలాయి. మెడనరాలు తాళ్ళలా ఉబ్బాయి. ఒక చెయ్యి గొంతు మీదికి పోయింది, ఇంకో చెయ్యి గాలిలో దేన్నో పట్టుకోవాలని తడుముతోంది.

ఉరుకుందు ఎట్లా లేచాడో నాకు తెలీదు. గోడ వారగా ఉన్నవాడు మూలనున్న నీళ్ళకుండ దగ్గర కనిపించాడు. మధ్యలో వేషాల పెట్టె ఇనప అంచుకి మోకాలు కొట్టుకుంది. ఆ చప్పుడు నాకు వినపడింది, వాడికి వినపడలేదు. చెంబు ముంచి తెచ్చేలోగా సగం నీళ్ళు ప్యాంటు మీద పోసుకున్నాడు. "గురువా! గురువా!" అంటున్నాడు. ఆ గొంతు ఆడదో మగదో తెలియడం లేదు. మొహం అడ్డదిడ్డంగా అయిపోయింది. పెదవి ఒక పక్కకి లాక్కుపోయింది, ముక్కు కారుతోంది. ఒక చేత్తో గురువు వీపు చరుస్తూ, ఇంకో చేత్తో నీళ్ళు పట్టించబోయి ఆయన గడ్డమంతా తడిపాడు.

నేను లేవలేదు.

తప్పు మోకాళ్ళ మీదికి నెట్టేద్దామనుకున్నాను గానీ, నా మోకాళ్ళు ఆ పూట బాగానే ఉన్నాయి. అరవయ్యేళ్ళుగా వేషాలు చూసిన కళ్ళు కదా. ఆయన మెడనరం ఎట్లా ఉబ్బించాడు, గాలిలో వేళ్ళు ఎట్లా ఆడించాడు అని చూస్తూ కూర్చున్నాను. ఒకవేళ నిజమైతేనో అన్న ఆలోచన నాకు ముందు రాలేదు, తర్వాతే వచ్చింది. ఆ గదిలో లేవనివాళ్ళం ఇద్దరమే. నేనూ, పెట్టె మీది మొహమూ.

"అప్పుడు కప్పకి ఎవరు కనపడ్డారో తెలుసా తనూ?" అంటోంది అది. నవ్వుతోంది.

పిల్ల దానివైపు తిరిగింది.

"తాతకి బాగాలేదు," అంది.

"ఒక కొంగ కనపడింది! తెల్లటి కొంగ!"

"తాతకి బాగాలేదంటే!" పిల్ల గొంతు చించుకుని అరిచింది. "కనపడదా నీకు?"

"కొంగ ఏమందో తెలుసా, బంగారూ?"

పిల్ల ఇక దానితో మాట్లాడలేదు. గిరుక్కున తిరిగి వాళ్ళ నాన్నని చూసింది. వాడు గురువు తలని తన రొమ్ముకి ఆనించుకుని, ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాడు. వాడికి కూతురు గుర్తులేదు. ట్యాబు గుర్తులేదు. మొహం ఎట్లా ఉందో అసలే గుర్తులేదు.

పిల్ల గుప్పిట విప్పింది. బొరుగులు కింద రాలాయి. రెండడుగులు వేసి వాడి ప్యాంటు పట్టుకుంది.

"నాన్నా, రక్తం," అంది.

అప్పుడు చూసుకున్నాడు ఉరుకుందు. మోకాలి దగ్గర ప్యాంటు చిరిగి ఎర్రగా తడిసింది. పిల్ల ఆ చిరుగు మీద అరచెయ్యి పెట్టి గట్టిగా అదిమింది. వాళ్ళమ్మ ఎప్పుడో దానికి అట్లా చేసి ఉంటుంది. "నొప్పా?" అని అడిగింది. వాడు అవునని తల ఊపాడు. అది ఇంకో చేత్తో కూడా అదిమింది.

గురువు మెల్లగా లేచి కూర్చున్నాడు. గడ్డం తుడుచుకున్నాడు. చెంబులో మిగిలిన నీళ్ళు గుటక గుటకగా తాగాడు. ఊపిరి మామూలుగానే ఉంది. మనిషి మాత్రం బాగా అలిసిపోయినట్టు ఉన్నాడు. నిజంగా అలిసిపోయాడో ఏమో. ఆ వయసులో ఏది కట్టినా కష్టమే.

నేను లేచి ట్యాబుని ఆపాను. ఎక్కడ నొక్కాలో తెలీక బోర్లా పెట్టేశాను. కింద నుంచి కొంగ ఇంకా ఏదో చెబుతూనే ఉంది. కాసేపటికి అదే ఆగింది.

ఉరుకుందు నేలమీద కూలబడ్డాడు. పిల్ల వాడి మోకాలు వదల్లేదు, దాని కోసం ఒళ్ళోకి ఎక్కాల్సి వచ్చింది, ఎక్కింది. వాడు దాన్ని పట్టుకోవడానికి కూడా భయపడి చేతులు గాలిలో ఉంచుకున్నాడు. అట్లాగే గురువు వైపు తలెత్తాడు.

"గురువా, నిజంగానే పొలమారిందా? వేషమా?"

గురువు గోడవైపు తిరిగి పడుకోబోతున్నాడు.

"నీకు తెలిసిందా?"

"లేదు."

"తెలియకనే లేచినావు కదా," అన్నాడు గురువు. "చాలు. ఇంక నన్ను పడుకోనీ."