పోపులోకి ఇంగువ

డిస్కు ఎంతసేపు వెతకాలన్నదే కౌముదికీ దివాకర్‌కీ మధ్య తగువు.

ఇద్దరూ విశాఖపట్నంలో పినాకపాణి మాస్టారి దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే. కంప్యూటరూ, సమాచారం దాచే డిస్కూ ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలో నియమాలు రాసే సంఘంలో ఇప్పుడు ఇద్దరూ సభ్యులు. డిస్కు మీద ఒక్కోచోట రాత చెడిపోతుంది. కంప్యూటర్ సరిగ్గా అదే అడిగితే డిస్కు ఏం చెయ్యాలి? దొరికేదాకా వెతకాలంటుంది కౌముది. అది ఎవరింటి పెళ్ళిఫొటోనో, దానికి మరో నకలు ఉండకపోవచ్చు కదా అని ఆమె బాధ. చదవలేకపోయానని వెంటనే చెప్పెయ్యాలంటాడు దివాకర్. ఆసుపత్రుల్లో నకలు వేరే డిస్కులో ఉండనే ఉంటుంది, ఎదురుచూస్తూ కూర్చోవడానికే వీల్లేదని అతని వాదన.

ఈ పంతాలతో ఉగాది నుంచి ఇద్దరికీ మాటల్లేవు. రేపు ఓటింగు. నెగ్గినవాళ్ళ మాటే ఇకమీదట ప్రతి డిస్కుకీ చట్టం. ఓడినవాళ్ళు సంఘంలో మిగులుతారన్న నమ్మకం కూడా లేదు.

మాస్టారు ఎటు మొగ్గితే ఓట్లు అటే పడతాయని ఆదివారం పొద్దున్నే కౌముది ఆయనింటికి వెళ్ళింది. తీరా చూస్తే వంటింట్లో పీట మీద దివాకర్ అప్పటికే తిష్ఠ వేసి ఉన్నాడు. ఆమెకు ఒళ్ళు మండింది.

మాస్టారు ఇద్దరి వాదనా విన్నారు. విన్నారో లేదో కూడా చెప్పలేం, చారులోకి పోపు పెడుతున్నారు మరి.

“అమ్మాయ్, స్టోర్‌రూమ్‌లో ఇంగువ డబ్బా ఉండాలి, పట్రా.”

కౌముది వెళ్ళింది. పై అర చూసింది, కింది అర చూసింది. ప్రతి డబ్బా మూత తీసి వాసన చూసింది. ఉత్త చేతులతో మాస్టారి ముందుకు వెళ్ళడానికి అభిమానం అడ్డొచ్చి, మళ్ళీ మొదటి నుంచి వెతికింది. బయటికొచ్చేసరికి ఇల్లంతా మాడు వాసన.

“లేదండీ” అంది తల దించుకుని.

“ఇంకో డబ్బా ఇదిగో, నా చేతికిందే ఉంది” అన్నారు మాస్టారు. “నువ్వు లేదంటే ఇది తీద్దామని చూస్తున్నాను.”

దివాకర్ కిటికీ వైపు తిరిగి నవ్వాపుకున్నాడు.

మాడిన పోపు పారబోసి, మాస్టారు మళ్ళీ మూకుడు పెట్టారు. “నాయనా, ఫ్రిజ్‌లో కరివేపాకు చూడు.”

దివాకర్ తలుపు ఇలా తీసి అలా వేశాడు. “లేదు మాస్టారూ!”

మాస్టారు కరివేపాకు లేకుండానే చారు దించారు. తర్వాత తీరిగ్గా వెళ్ళి ఫ్రిజ్ తెరిచి, అందులోంచి ఒక తడిగుడ్డ మడత తీసి విప్పారు. లోపల కరివేపాకు నవనవలాడుతోంది. ఈసారి కిటికీ వైపు తిరగడం కౌముది వంతయింది.

“ఇంతకీ మా ఇద్దరిలో ఎవరిది సరైన మాటండీ?” అని అడిగాడు దివాకర్, ముఖం చిన్నబుచ్చుకుని.

మాస్టారు పెరుగుపచ్చడిలోకి పోపు కోసం గరిటె పొయ్యి మీద పెట్టి నూనె వేశారు.

“ఎండుమిరపకాయలు కావాలి. స్టోర్‌రూమ్‌లో ఎక్కడో ఉండాలి.”

ఎవరితో అన్నారో తెలియక ఇద్దరూ లేచారు.

గుమ్మం దగ్గర కౌముది ఆగిపోయింది. తామిద్దరూ రాసిన అన్ని పేజీల్లోనూ వెతికే డిస్కు గురించే ఉంది. అడిగేవాళ్ళ గురించి ఒక్క వాక్యం లేదు. వెనక్కి తిరిగి, కాస్త బెరుగ్గా అడిగింది.

“మీరు ఎంతసేపు ఆగగలరు మాస్టారూ?”

పినాకపాణి మాస్టారు మంట తగ్గించారు. ఆయన ముఖం విప్పారింది.

“అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఆవాలు చిటపటలాడేదాకా” అని, ఆవాలు వేశారు.

“పై అర నువ్వు చూడు” అన్నాడు దివాకర్, ఉగాది తర్వాత మొదటిసారి ఆమెతో మాట్లాడుతూ. “కింది అర నేను చూస్తాను.”