మోకాలికి కట్టిన తువ్వాలు

కొత్త రబ్బరు పాతదానికన్నా ముందే చిరిగిపోయిందనుకో. తప్పెవరిది? చెప్పు చూద్దాం.

"నాసిరకం రబ్బరేమో, నానమ్మా!"

సుంకన్న కూడా అదే అన్నాడు.

నంద్యాలలో మౌలాలి ఉస్తాద్ అని, కార్లు బాగుచేసే పెద్దాయన ఉండేవారు. సుంకన్న ఆయన శిష్యుడు. గిద్దలూరులో సొంత షెడ్డు పెట్టుకోవాలని వాడి ఆశ. ఉస్తాద్ సరే అనాలి కదా! మా పాత కారు ముందు చక్రాల దగ్గర టకటకమంటుంటే దాన్ని వాడికే అప్పగించి, "నువ్వొక్కడివే చెయ్యి. ఇదే రోగంతో తిరిగి రాకపోతే గిద్దలూరు వెళ్ళు" అన్నారు.

రోగమేమిటంటే, ముందు చక్రాన్ని కారు ఒంటికి పట్టి ఉంచే ఇనప చెయ్యి ఒకటుంటుంది. దాని కీలులో రబ్బరు బుష్ ఉంటుంది. మన మోకాలిలో గుజ్జులాగన్నమాట. అది అరిగింది. సుంకన్న కొత్తవి వేశాడు. కారు హాయిగా నడిచింది. రెండు నెలలు తిరక్కముందే మళ్ళీ టకటక!

నేనే తీసుకెళ్ళాను. విప్పితే కొత్త బుష్‌లు చీలిపోయి ఉన్నాయి. సుంకన్న మొహం మాడిపోయింది.

"కొట్టువాడు పనికిరాని సరుకు అంటగట్టాడు ఉస్తాద్! నా బిగింపులో లోపం లేదు."

"అయితే మళ్ళీ బిగించు. చూస్తా."

జాకీ మీద కారు ఎత్తి, చక్రాలు గాల్లో వేలాడుతుండగానే కొత్త బుష్‌లు వేసి, పానా మీద బలమంతా పెట్టి బోల్టులు బిగించాడు. ఉస్తాద్ భుజం మీది తువ్వాలు తీశారు.

"నిటారుగా నిలబడు." వాడి మోకాలి చుట్టూ గట్టిగా కట్టి ముడి వేశారు. "బాగుందా?"

"బాగానే ఉంది. మోకాలి నొప్పులు మీకు గానీ నాకెందుకు ఉస్తాద్?"

"రా, అన్నం తిందాం."

చాప మీద బాసింపట్టు వెయ్యబోయి సుంకన్న "అబ్బా!" అన్నాడు. ముడి విప్పబోతే ఉస్తాద్ వాడి చెయ్యి పట్టుకున్నారు.

"కట్టినప్పుడు బాగుందన్నావే?"

"అప్పుడు నిలబడి ఉన్నా కదా..."

అంటూనే ఆగిపోయాడు. జాకీ మీది కారువైపు చూశాడు. చక్రాలు వేలాడుతుండగా బిగించిన రబ్బరు, కారు దిగి బరువు పడగానే మెలిపడుతుంది కదా!

ముద్ద ముట్టకుండా లేచాడు. బోల్టులు వదులు చేశాడు. కారును దించి, కింద నుంచి పనిచేసేందుకు షెడ్డులో తవ్విన గుంత మీదికి నెట్టి, దాని బరువు చక్రాల మీద కుదురుకోనిచ్చాడు. అప్పుడు గుంతలోకి దిగి కింది నుంచి బిగించాడు. తువ్వాలు ఇంకా మోకాలికే ఉంది.

ఉస్తాద్ వాడి కంచం మీద మూత పెట్టారు.

"సుంకన్నా, షెడ్డు వెయ్యకముందే గుంత తవ్వించుకో. గిద్దలూరు నేల గట్టిది."

గుంతలో పానా చప్పుడు ఆగింది. సుంకన్న తల పైకెత్తి చూశాడు.

సరే, నీ పావడా నడుంపట్టీ నిన్ను నిలబెట్టి కొలిచి, సగంలో వదిలేశాను, సూది దానికే ఉంది. వెళ్ళి కుట్టేస్తా. నువ్వూ రావే, కూర్చుని చూపిద్దువుగాని.