కొంగ పంతులు తవ్విన గుంటలు

అనగనగా ఒక అడవిలో, గుట్ట వాలులో ముళ్లపందుల గూడెం ఒకటి ఉండేది పిల్లలూ. వాళ్ల తిండి అడవి గడ్డలు. గడ్డ తవ్వినప్పుడు తీగ ఉన్న తలకాయ ముక్కను మళ్లీ గుంటలోనే పెట్టి మన్ను కప్పడం వాళ్ల ఆచారం. వానలకు అది మళ్లీ మొలుస్తుందన్నమాట!

రెండేళ్లుగా గడ్డలు నేలలోనే కుళ్లిపోతున్నాయి. మనవలకు ఏం పెట్టాలా అని ముసలి ఈదవ్వకు ఒకటే దిగులు.

అప్పుడొచ్చాడర్రా, ధవళయ్య అనే కొంగ పంతులు! మొదటిసారి గడ్డలు తవ్వే పద్ధతంతా అడిగి తాటాకు మీద రాసుకున్నాడు.

"ఈ కుళ్లు ఎందుకొస్తోందో కాస్త చూడు నాయనా," అంది ఈదవ్వ.

"చూద్దాం, చూద్దాం," అన్నాడు.

రెండోసారి వచ్చి, పరీక్షకని ఇరవై గడ్డలు తనే తవ్వి పట్టుకుపోయాడు.

తొలివానలు పడ్డాక మూడోసారి వచ్చి, ఒక బుట్ట, తలా పదేసి గులకరాళ్లు తెచ్చాడు. "నా పరిశోధనతో మీకెంత మేలు జరిగిందో కొలవాలి. బాగా జరిగితే పది రాళ్లూ బుట్టలో వెయ్యండి. లేదంటే అసలు వెయ్యొద్దు."

పాపం, అంత దూరం నుంచి వచ్చాడాయె! మొహమాటపడి ఒకరి తర్వాత ఒకరు పదేసి వేశారు. ఈదవ్వ వంతు వచ్చింది.

"వేసెయ్ వదినా! రాళ్లేగా, గడ్డలు కావుగా!" అని నవ్వాడు మరిది లింగయ్య.

ఈదవ్వ ఆలోచించింది. రాళ్లు వేస్తే పంతులు సంతోషంగా వెళ్లిపోతాడు. కుళ్లు మాత్రం ఇక్కడే ఉంటుంది. రాళ్లు కింద పెట్టేసింది.

"మా కొలత వేరు పంతులూ. రా, చూపిస్తా."

వాలు మీద గూడెంవాళ్లు తవ్విన గుంటల్లో అక్కడక్కడైనా మొలకలున్నాయి. పంతులు తవ్విన ఇరవై గుంటలూ బోసిగా ఉన్నాయి. తలకాయ ముక్కలతో సహా పట్టుకుపోయాడు మరి! ఆచారం రాసుకున్నాడు గానీ, పాటించలేదు.

"నీ గుంటల్లో ఎన్ని మొలిచాయి నాయనా?"

ధవళయ్య మెడ వాలిపోయింది. "ఒక్కటీ లేదవ్వా."

"నీ మీద కోపం లేదు. మా పిల్లలు ఆకలితో ఉన్నారు, అంతే."

ధవళయ్య రాళ్లన్నీ గుట్ట పక్క వాగులో పారబోశాడు. "ఏం కనుక్కోవాలో నువ్వే చెప్పవ్వా," అన్నాడు.

వానాకాలమంతా అక్కడే నిలబడి చూశాడు. పైన కూలిన చెట్టొకటి వాగుకు అడ్డంపడి, నీళ్లు వాలులోకి ఇంకుతున్నాయి. కుళ్లు అందుకే! అందరూ కలిసి చెట్టును లాగేశారు.

మరుసటి వానలకు ఈదవ్వ గుంట గుంటకూ వంగి లెక్కపెడుతోంది. పంతులు ఆత్రంగా వెనకే నడుస్తున్నాడు.

"ఎన్నవ్వా? ఎన్ని మొలిచాయి?"

"అబ్బ, ఉండు పంతులూ! నువ్వు మాట్లాడితే లెక్క తప్పుతోంది."

నీతి: మేలు జరిగిందో లేదో చెప్పాల్సింది మేలు చేశామనుకునేవాళ్లు కాదు, అది అందాల్సినవాళ్లు. కొలత కూడా వాళ్లదే.